సైలెన్సర్‌లో పైపే పెట్టలేదు, మరి బండి స్మాగ్‌లో ఎలా ఫెయిల్ అయ్యింది?

ముందు తమ్ముడు రాసిన ఉత్తరం, కొంచెం కుదించి పెడుతున్నా:

"అన్నా, డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉన్నప్పుడు 2016 సుబారు డబ్ల్యూఆర్ఎక్స్ కొన్నా, మాన్యువల్ గేర్, నేను మూడో ఓనర్‌ని. నా కంటే ముందు వాడే ఇన్‌టేక్ (ఇంజిన్‌కి గాలి వెళ్ళే గొట్టం), డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగ బయటికెళ్ళే పైపు), క్యాట్‌బ్యాక్ (వెనక సైలెన్సర్ వైపు పైపు), కాయిలోవర్లు (సస్పెన్షన్), ఏదో ఆయిల్ సెపరేటర్, పైన ట్యూన్ (ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్పు), అన్నీ వేసేశాడు. టెక్సాస్‌లో ప్రతి ఏడాదీ ఇన్‌స్పెక్షన్ పాస్ అయ్యింది. ఇప్పుడు జాబ్ మారి ఫ్రీమాంట్ వచ్చాం. కాలిఫోర్నియా రిజిస్ట్రేషన్ కోసం స్మాగ్ చెక్‌కి, అదే ఇక్కడి పొల్యూషన్ టెస్ట్‌కి వెళ్తే బానెట్ ఎత్తి, కింద అద్దం పెట్టి చూసి ఫెయిల్ చేశాడు. పేపర్ మీద రెండు మూడు చోట్ల 'మాడిఫైడ్' అని, ఒకచోట 'మిస్సింగ్' అని ఉంది. నా బండికి పొగ రాదు, చెక్ ఇంజిన్ లైట్ లేదు, అసలు సైలెన్సర్‌లో పైపే పెట్టలేదు, పెట్టకుండా పొల్యూషన్ ఎక్కువని ఎలా తేల్చాడు? ఫ్రెండ్ ఒకడు 400 డాలర్లు ఇస్తే పాస్ చేయించే మనిషి ఉన్నాడంటున్నాడు. మా ఆవిడేమో ఆ డబ్బా అమ్మెయ్ అంటోంది. ఏం చెయ్యమంటావ్?"

తమ్ముడూ, నీ ఉత్తరం మొత్తంలో నాకు బాగా నచ్చింది ఆ సైలెన్సర్ ప్రశ్న, ఎందుకంటే మనందరం పొల్యూషన్ టెస్ట్ అంటే అదే అనుకుని పెరిగాం. బెజవాడలో బెంజ్ సర్కిల్ వైపు బంకు పక్కన పాత ఓమ్ని వ్యాన్ ఆగి ఉండేది, అందులో కుర్రాడు కంప్యూటర్ ముందు కూర్చుని, ఇంకోడు వచ్చి సైలెన్సర్‌లో గొట్టం దూర్చి, కొంచెం రేస్ చెయ్యండి సార్ అని, నంబర్ ప్లేట్ ఫోటో తీసి, ఒక కాయితం చేతిలో పెట్టేవాడు, ఆ రోజు గొట్టం సరిగ్గా దూరిందో లేదో ఎవడికీ పట్టేది కాదు. మన బుర్రలో ముద్ర పడిపోయింది, పొగ కొలుస్తారు, పొగ తక్కువుంటే పాస్.

ఇక్కడ నీ బండికి ఆ లెక్కే లేదు. 2000 మోడల్, ఆ తర్వాత వచ్చిన పెట్రోల్ బండ్లకి కాలిఫోర్నియాలో 2015 మార్చి నుంచి పైపు పెట్టడం మానేశారు. స్టీరింగ్ కింద ఓబీడీ పోర్ట్‌లో ఒక పరికరం గుచ్చి బండి కంప్యూటర్‌తోనే మాట్లాడతారు, ఆ తర్వాత టెక్నీషియన్ కళ్ళతో చూస్తాడు. వాళ్ళు అడిగేది "నీ బండి ఎంత పొగ వదులుతోంది" అని కాదు, "కంపెనీ వాడు ఏ బండిని సర్టిఫై చేయించుకున్నాడో ఇది ఇంకా అదే బండా" అని. ఈ ఒక్క ముక్క తలకెక్కితే మిగతా గొడవంతా దానంతటదే అర్థమైపోతుంది. పొగ రావట్లేదని నువ్వు వాదిస్తున్నావ్, వాడేమో అసలు పొగ గురించి అడగనే లేదు.

టెక్సాస్‌లో ఎలా పాస్ అయ్యిందంటావా, ఫ్రిస్కో ఉండే కాలిన్, డెంటన్ కౌంటీల్లో ఎమిషన్స్ టెస్ట్ ఉంటుంది కానీ అక్కడ ముఖ్యంగా ప్లగ్ గుచ్చి కోడ్‌లు ఉన్నాయా, లైట్ వెలుగుతోందా అని చూస్తారు. నీ ట్యూన్ వేసినవాడు, పొగలో విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగ్గా పనిచెయ్యట్లేదని చెప్పే పీ 0420 కోడ్ రాకుండా దాని నోరు నొక్కేసి ఉంటాడు, అందుకే నీకు లైట్ వెలగలేదు. లైట్ వెలగలేదంటే జబ్బు లేదని కాదు, చెప్పేవాడిని పక్క గదిలో పెట్టి తాళం వేశారు అంతే. కాలిఫోర్నియావాళ్ళు ఈ వేషం కూడా పట్టేశారు. 2021 జూలై 19 నుంచి స్మాగ్ చెక్‌లో బండి కంప్యూటర్లో ఉన్న సాఫ్ట్‌వేర్ గుర్తింపు నంబర్‌నీ, దాన్ని లెక్కకట్టి వచ్చే ఇంకో వెరిఫికేషన్ నంబర్‌నీ చదువుతున్నారు, అది కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌తో గానీ, పర్మిషన్ ఉన్న సాఫ్ట్‌వేర్‌తో గానీ కలవకపోతే, ఇంజిన్ ఎంత శుభ్రంగా ఉన్నా ఫెయిలే.

ఇంత పట్టుదల ఎందుకని తిట్టుకోకు, ఈ రాష్ట్రానికి ఆ చరిత్ర ఉంది. లాస్ ఏంజెలెస్‌లో జనం కళ్ళు మండిపోయి ఇది ఎక్కడి పొగరా అని తల పట్టుకున్న రోజుల్లో, 1950ల మొదట్లో, కాల్‌టెక్‌లో పనిచేసే హాగెన్ స్మిట్ అనే కెమిస్ట్ ఇది కార్ల పొగ ఎండతో కలిసి తయారవుతోందని తేల్చాడు. 1967లో గాలి కాలుష్యం సంగతి చూసే కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డ్ (పొట్టిగా కార్బ్) పెట్టారు, మొదటి ఛైర్మన్ ఆయనే. స్మాగ్ చెక్ 1984లో మొదలైంది. అంటే వీళ్ళకి ఇది నిన్నమొన్నటి సరదా కాదు.

నా కథ చెప్తా, నీకు ధైర్యం వస్తుంది. నాకు 2006 సివిక్ ఎస్ఐ ఉండేది. అప్పట్లో కొత్త బండికి ఆరేళ్ళు స్మాగ్ మినహాయింపు (2019 నుంచి దాన్ని ఎనిమిదేళ్ళు చేశారు), కాబట్టి మొదటి నోటీసు 2012లో వచ్చింది. అప్పటికి ఇంకా రోలర్ల మీద ఎక్కించేవాళ్ళు. బండి నిలబడ్డ చోటే నిలబడి ఉంటుంది, చక్రాలు మాత్రం గంటకి 15 మైళ్ళు, తర్వాత 25 మైళ్ళ స్పీడ్‌లో తిరుగుతుంటాయి, వెనకాల గొట్టం, ముందు పెద్ద ఫ్యాన్, నేను గాజు తలుపు అవతల కూర్చుని ఇంటర్ రిజల్ట్స్ కోసం ఎదురుచూసినట్టు చూస్తున్నా. స్క్రీన్ మీద అంకెలన్నీ సూపర్, లిమిట్‌లో పావు వంతు కూడా లేవు. అయినా ఫెయిల్. ఎందుకయ్యా అంటే నేను వేసిన కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ మీద స్టిక్కర్ లేదు. ఇన్‌టేక్ లీగలే, కొన్నప్పుడు డబ్బాలో స్టిక్కర్ కూడా ఇచ్చారు, నేను అది అందంగా లేదని డ్రాయర్‌లో పడేసి, ఇల్లు మారేటప్పుడు ఆ డ్రాయర్‌తో సహా పారేశా. తయారు చేసిన కంపెనీకి మెయిల్ పెడితే వారంలో కొత్త స్టిక్కర్ పోస్ట్‌లో పంపారు, అంటించుకుని వెళ్తే పాస్. మా ఆవిడ ఇప్పటికీ ఆ వేలెడు కాయితం కోసం రెండుసార్లు డబ్బు కట్టావు అని గుర్తుచేస్తుంటుంది.

ఆ స్టిక్కర్ మీద ఉండేదాన్ని ఈఓ నంబర్ అంటారు, ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ అన్నమాట, డీ అనే అక్షరంతో మొదలవుతుంది. ఎయిర్ రిసోర్సెస్ బోర్డ్ వాళ్ళు ఆ పార్ట్‌ని పరీక్షించి "ఈ బండికి ఇది పెట్టుకున్నా పొల్యూషన్ పెరగదు" అని ఇచ్చే పర్మిషన్. ఇందులో మెలిక ఏంటంటే ఆ పర్మిషన్ పార్ట్‌కి కాదు, పార్ట్ ప్లస్ నీ బండి మోడల్, ఏడాది, ఇంజిన్ కలిపి. అదే కంపెనీ ఇన్‌టేక్ పక్కింటోడి బండికి లీగల్, నీ బండికి కాకపోవచ్చు. బోర్డ్ వెబ్‌సైట్‌లో వెతుక్కునే డేటాబేస్ ఉంది, ఫ్రీనే, కాబట్టి అమ్మేవాడు "కార్బ్ లీగల్ బ్రో" అంటే తల ఊపి ఊరుకోకుండా నంబర్ అడిగి అక్కడ కొట్టి చూసుకో, ఆ ఆర్డర్ కాయితంలో నీ 2016 డబ్ల్యూఆర్ఎక్స్ 2.0 లీటర్ అని రాసి ఉందో లేదో కళ్ళతో చూడు.

ఇప్పుడు నీ బండి దగ్గరికొద్దాం. కాయిలోవర్లు, వీల్స్, బ్రేకులు, వీటి జోలికి స్మాగ్ వాడు రాడు, మర్చిపో. క్యాట్‌బ్యాక్ అంటే పేరులోనే ఉంది, కన్వర్టర్ తర్వాత మొదలయ్యే పైపు, దానికి ఈఓ అక్కర్లేదు, ఉంచుకో, కాకపోతే రాష్ట్రం చట్టం ప్రకారం కారు శబ్దం 95 డెసిబెల్స్ దాటకూడదు, అది స్మాగ్ వాడి గొడవ కాదు, రోడ్డు మీద పోలీసు గొడవ. ఆయిల్ సెపరేటర్ దగ్గర జాగ్రత్త, అది క్రాంక్‌కేస్ (ఇంజిన్ అడుగు భాగం) నుంచి వచ్చే ఆవిరి దారిని మారుస్తుంది, ఆ దారి ఎమిషన్స్ సిస్టంలో భాగం, ఈఓ ఉంటే సరే, లేకపోతే తీసేసి అసలు గొట్టాలు పెట్టాల్సిందే. ఇన్‌టేక్‌ది కూడా అదే కథ, నంబర్ ఉందా చూడు, లేదంటే కంపెనీ ఎయిర్‌బాక్స్ కొను, జంక్ యార్డుల్లో, మార్కెట్‌ప్లేస్‌లో పెద్ద ఖరీదు ఉండదు, మోడ్లు, అంటే బండికి ఇలాంటి మార్పులు చేసే ప్రతివాడి గ్యారేజ్‌లో ఒకటి దుమ్ము కొట్టుకుని ఉంటుంది.

అసలు తలనొప్పి డౌన్‌పైప్. మీ మోడల్ డబ్ల్యూఆర్ఎక్స్‌లో టర్బో ఇంజిన్‌కి కిందుగా ఉంటుంది, దాని నుంచి వంకర తిరిగి వెనక్కెళ్ళే ఆ డౌన్‌పైప్‌నే జే పైప్ అంటారు, కన్వర్టర్ ఉండేది అందులోనే. ముందు ఓనర్ ఆ జే పైప్ పీకి లోపల ఏమీ లేని ఖాళీ పైపు పెట్టాడు, నీ పేపర్ మీద "మిస్సింగ్" అన్నది దీని గురించే. చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు, సర్లే ఇంకో సుబారు నుంచి పీకిన పాత జే పైప్ ఒకటి 300కి దొరికితే వేసేద్దాం అనుకుంటారు. కాలిఫోర్నియాలో వాడేసిన క్యాటలిటిక్ కన్వర్టర్‌ని అమ్మడం, అమ్ముతానని ప్రకటన ఇవ్వడం, బండికి బిగించడం, అన్నీ చట్టవిరుద్ధం. పైగా బే ఏరియాలో కన్వర్టర్ల దొంగతనం ఏ రేంజ్‌లో నడిచిందో ప్రియస్ ఉన్న మన తెలుగువాళ్ళని ఎవర్నడిగినా చెప్తారు, పొద్దున్నే స్టార్ట్ చేస్తే ట్రాక్టర్‌లా మోత, కింద చూస్తే రంపంతో కోసిన పైపు. ఆ సరుకు నీ బండి కింద చేరడం నీకు అవసరమా.

కాబట్టి నీకున్న దారులు ఇవి. మొట్టమొదట ఫ్రిస్కోలో నీకు అమ్మినవాడికి ఫోన్ కొట్టు, ఇవాళే, ఈ ఉత్తరం చదవడం ఆపి అయినా సరే, నీ బండి నుంచి తీసిన అసలు జే పైప్ వాడి దగ్గరో, వాడికి ముందున్న వాడి దగ్గరో ఉందేమో కనుక్కో. ఉంటే ఆ మనిషికి ఓ బిర్యానీ పార్టీ బాకీ పడతావ్, నీ సగం ఖర్చు అక్కడే మిగిలింది. లేదంటే సుబారు డీలర్ దగ్గర కొత్తది, అది వెయ్యి డాలర్లు దాటుతుంది, ముందే గుండె దిటవు చేసుకో. లేదంటే బయటి కంపెనీ కొత్త కన్వర్టర్, కానీ దాని మీద ఈఓ నంబర్ చెక్కి ఉండాలి, అది నీ ఇంజిన్‌కే ఉండాలి. "హై ఫ్లో క్యాట్" అని రాసి ఉంటే చాలనుకుని కొని మళ్ళీ ఫెయిలైనవాళ్ళు నాకు ముగ్గురు తెలుసు, లోపల కన్వర్టర్ ఉంది, మీద నంబర్ లేదు, టెక్నీషియన్ అద్దంలో చూసి తల అడ్డంగా ఊపాడు. కొనేటప్పుడు మాన్యువల్ బండి అని చెప్పడం మర్చిపోకు, ఆటోమేటిక్ వాటికి ఆ పైపు వేరే.

తర్వాత ట్యూన్. సుబారుల్లో ఎక్కువగా కాబ్ యాక్సెస్‌పోర్ట్ అనే చిన్న డబ్బాతో చేస్తారు, అరచేతిలో పట్టేంత ఉంటుంది, స్క్రీన్ ఉంటుంది. అది ఏ బండికి ఇన్‌స్టాల్ చేస్తే ఆ బండితో "మ్యారీ" అయిపోతుంది, అవును, వాళ్ళు వాడే మాటే అది. విడాకులు ఇప్పిస్తే, అంటే అన్‌ఇన్‌స్టాల్ కొడితే, కంపెనీ సాఫ్ట్‌వేర్ తిరిగి బండిలోకి వెళ్తుంది. నీకు బండితోపాటు ఆ డబ్బా ఇచ్చాడా? ఇస్తే పని తేలిక. ఇవ్వకపోతే డీలర్ దగ్గరికెళ్ళి కంప్యూటర్‌ని ఫ్యాక్టరీ సాఫ్ట్‌వేర్‌తో రీఫ్లాష్ చెయ్యమని అడుగు, ఎందుకో నిజం చెప్పు, సిగ్గుపడాల్సిందేం లేదు, సర్వీస్ కౌంటర్‌లో వాళ్ళకి ఇది కొత్త కాదు.

నువ్వు అడగనిది ఒకటి చెప్తా, ఇది స్మాగ్ కంటే అర్జెంట్. టెక్సాస్‌లో ప్రీమియం పెట్రోల్ 93 ఆక్టేన్. ఇక్కడ బంకుల్లో ప్రీమియం అంటే 91, అంతకు మించి మామూలుగా దొరకదు. నీ ట్యూన్ 93కి రాసి ఉంటే, ఫ్రీమాంట్ వచ్చినప్పటి నుంచి నువ్వు ఆ ఇంజిన్‌కి తక్కువ రకం తిండి పెట్టి పరుగెత్తిస్తున్నావ్, టర్బో ఇంజిన్‌లో నాక్ వస్తే, అంటే పెట్రోల్ వేళ తప్పి పేలితే, పిస్టన్లు పోతాయ్, అప్పుడు స్మాగ్ గురించి బెంగపడాల్సిన పనే ఉండదు. ట్యూన్ మార్చేదాకా పెడల్ మీద కాలు తేలిగ్గా పెట్టు, 680 హైవే మీద పక్కన మస్టాంగ్ వాడు రెచ్చగొట్టినా సరే.

పార్ట్స్ ఒకరోజు, ట్యూన్ ఇంకోవారం అని విడదీయకు. ఫ్యాక్టరీ సాఫ్ట్‌వేర్‌కి ఖాళీ డౌన్‌పైప్, పెద్ద ఇన్‌టేక్ ఉన్నాయని తెలీదు, గాలి లెక్క తప్పుతుంది, బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) హద్దు దాటుతుంది. అలాగే ట్యూన్ ఉంచి పైపులు మాత్రం మార్చినా తిక్కలే. రెండూ ఒకే శనివారం అయిపోవాలి.

అయిపోయాక వెంటనే స్మాగ్‌కి పరుగెత్తకు, నేను చేసిన రెండో వెధవ పని అదే. సివిక్‌ని ఇంకోసారి తీసుకెళ్ళినప్పుడు ముందురోజు రాత్రి ఏదో లైట్ వచ్చిందని బ్యాటరీ వైర్ పీకి కోడ్ పోగొట్టి, పొద్దున్నే నేను తెలివైనవాణ్ణి అనుకుంటూ వెళ్ళా. కంప్యూటర్ జ్ఞాపకం తుడిచేస్తే దాని లోపల మానిటర్లు అని ఉంటాయి, కన్వర్టర్‌ది, ఆక్సిజన్ సెన్సర్లది, పెట్రోల్ ఆవిరిది ఇలా, అవన్నీ కూడా తుడుచుకుపోయి "ఇంకా పరీక్షించుకోలేదు" అని కూర్చుంటాయి. స్టేషన్ కుర్రాడు ప్లగ్ గుచ్చి ఒక్క నిమిషంలో "నిన్న రాత్రి బ్యాటరీ తీశారా అంకుల్" అన్నాడు. అంకుల్ అన్నందుకు బాధపడాలో దొరికిపోయినందుకు బాధపడాలో తెలీలేదు.

నీకు రీఫ్లాష్‌తో అదే జరుగుతుంది, అన్నీ సున్నా నుంచి మొదలు. నీ బండి లాంటి 2000 తర్వాతి పెట్రోల్ బండ్లకి ఆవిరి మానిటర్ ఒక్కటి పూర్తికాకపోయినా ఒప్పుకుంటారు, మిగతావన్నీ రెడీ అయ్యుండాలి. ఇంకోటి, 2010, ఆ తర్వాతి మోడళ్ళకి పర్మనెంట్ కోడ్‌లు అని ఉంటాయి, స్కానర్‌తో చెరిపినా పోవు, బండే తనకి తాను నమ్మకం కుదిరాక తీసేసుకుంటుంది. 2019 జూలై నుంచి ఇవి కూడా చూస్తున్నారు. కోడ్‌లు చెరిపాక 200 మైళ్ళు తిరిగి, 15 సార్లు ఇంజిన్ చల్లగా స్టార్ట్ అయ్యి పూర్తిగా వేడెక్కితే, అప్పటికీ మిగిలి ఉన్న పర్మనెంట్ కోడ్‌ని లెక్కలోకి తీసుకోరు. ఆఫీస్‌కి పోను రాను తిరిగితే రెండు వారాల్లో అయిపోతుంది.

త్వరగా రెడీ కావాలంటే ట్యాంక్ సగం ఉంచు, నిండుగా వద్దు, అడుగంటి కూడా వద్దు. రాత్రంతా బండి కదపకు. ఆదివారం పొద్దున ఆరింటికి స్టార్ట్ చేసి రెండు నిమిషాలు అలాగే వదిలేసి, 680 ఎక్కి సునోల్ దాటి ప్లెజంటన్ వైపు వెళ్ళు, 55 నుంచి 60 మధ్యలో ఒకే స్పీడ్‌లో పావుగంట, ఎగ్జిట్ తీసుకునేటప్పుడు బ్రేక్ తొక్కకుండా గేర్‌లోనే ఉంచి కాలు తీసేసి దానంతటదే నెమ్మదించేలా వదులు, లివర్‌మోర్‌లో గుడి దగ్గర ఆపి దర్శనం చేసుకో, పులిహోర తిను, ఇంజిన్ చల్లారుతుంది, తిరుగు ప్రయాణంలో అదే మళ్ళీ. 20 డాలర్లకి బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ కొనుక్కుంటే ఫోన్‌లోనే ఏ మానిటర్ రెడీ అయ్యిందో కనిపిస్తుంది, ఊరికే గాల్లో దీపం పెట్టక్కర్లేదు.

అన్నీ పచ్చగా వచ్చాక స్టేషన్‌కి వెళ్ళి ముందు "ప్రీటెస్ట్" అడుగు. అసలు టెస్ట్ ఎలా చేస్తారో అలాగే చేస్తారు కానీ అది అధికారిక టెస్ట్‌గా లెక్కకి రాదు. డబ్బు తీసుకుంటారు, ఇవ్వు. పాస్ అయితే సర్టిఫికెట్‌కి రాష్ట్రం తీసుకునేది 8 డాలర్ల 25 సెంట్లు, మిగతాది ఆ స్టేషన్ వాడి ఛార్జ్, ఒక్కో చోట ఒక్కో రేటు, కాబట్టి ముందే ఫోన్ చేసి కనుక్కో. నీ పేపర్ మీద రిఫరీ దగ్గరికి వెళ్ళమని రాసి ఉంటే మాత్రం మామూలు స్టేషన్‌లో టైం వేస్ట్ చేసుకోకు. రిఫరీ అంటే భయపడతారు గానీ, కమ్యూనిటీ కాలేజీల్లో కూర్చునే రాష్ట్రం తరఫు టెక్నీషియన్లు, అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్ళాలి, ఇంజిన్ మార్చిన బండ్లు, వివాదం ఉన్న బండ్లు వాళ్ళే చూస్తారు. నేను కలిసినాయన ఎవరో రిటైర్డ్ లెక్చరర్‌లా ఓపిగ్గా, ఏ గొట్టం ఎక్కడికి పోవాలో బానెట్ కింద ఉన్న లేబుల్ మీద బొమ్మ చూపించి మరీ చెప్పాడు. అన్నట్టు ఆ లేబుల్ నీ బండికి ఉందా? టెక్సాస్ వడగళ్ళకి బానెట్ మార్చిన బండ్లకి చాలాసార్లు ఉండదు, లేకపోతే డీలర్ దగ్గర బండి నంబర్ చెప్పి కొత్తది తెప్పించుకోవచ్చు.

ఆ 400 డాలర్ల మనిషి సంగతి. వాడు చేసేదేంటంటే నీ బండి బదులు వేరే బండికో, బండిలా నటించే ఒక డబ్బాకో ప్లగ్ గుచ్చి నీ నంబర్ మీద రిజల్ట్ పంపుతాడు, దీన్ని క్లీన్ ప్లగ్గింగ్ అంటారు. పైపు పెట్టే రోజుల్లో దొరక్కపోయేవాళ్ళేమో, ఇప్పుడు కంప్యూటర్ తన చాసిస్ నంబర్, తను మాట్లాడే పద్ధతి, అన్నీ చెప్పేస్తుంది, స్మాగ్ స్టేషన్లకి లైసెన్స్ ఇచ్చే ఆటోమోటివ్ రిపేర్ బ్యూరో వాళ్ళు ఆఫీస్‌లో కూర్చుని ఆ డేటాలో తేడాలు వెతికి స్టేషన్ల లైసెన్స్‌లు పీకేస్తున్నారు. వాడు దొరికిన రోజు వాడి లిస్ట్‌లో నీ బండి నంబర్ కూడా ఉంటుంది. వీసా మీద ఉన్నవాడివి, పిల్లలున్నవాడివి, 400 డాలర్లిచ్చి ఆ లిస్ట్‌లో పేరు రాయించుకుంటావా? దొరకలేదే అనుకుందాం, రెండేళ్ళకి మళ్ళీ స్మాగ్, మళ్ళీ 400, అప్పటికి వాడు అక్కడుంటాడో ఉండడో.

టెస్ట్ రోజుకి స్టాక్ పార్ట్స్ పెట్టి, పాస్ అయ్యాక మళ్ళీ మోడ్లు ఎక్కించేవాళ్ళూ ఉన్నారు, నువ్వు ఇంకో ఉత్తరంలో అడుగుతావని ముందే చెప్తున్నా. వెహికల్ కోడ్ 27156 అనే సెక్షన్ ఆ టెస్ట్ రోజుకి మాత్రమే కాదు, రోడ్డు మీద తిరిగే ప్రతి రోజుకీ వర్తిస్తుంది, మోత విని ఆపిన పోలీసు ఆ టికెట్ రాస్తే నేరుగా రిఫరీ దగ్గరికే. చట్టం పక్కన పెట్టినా, తుప్పు పట్టిన జే పైప్‌ని రెండేళ్ళకోసారి వీపు మీద పడుకుని విప్పడం ఎంత నరకమో ఒక్కసారి విప్పాక నీకే తెలుస్తుంది.

డీఎంవీ (ఇక్కడి ఆర్టీఓ ఆఫీస్ లాంటిది) పని ఇవాళే చెయ్. కాలిఫోర్నియాలో స్థిరపడ్డాక 20 రోజుల్లో రిజిస్ట్రేషన్‌కి వెళ్ళాలి, స్మాగ్ పాస్ అయ్యేదాకా ఆగుదాం అనుకుంటే పెనాల్టీ పడుతుంది. టైటిల్ పేపర్లు, ఫెయిల్ అయిన రిపోర్ట్ పట్టుకెళ్ళి, చాసిస్ నంబర్ వెరిఫికేషన్ చేయించుకుని, ఫీజులన్నీ కట్టేసి, స్మాగ్ ఒక్కటే పెండింగ్ అని చెప్పి టెంపరరీ ఆపరేటింగ్ పర్మిట్ అడుగు. అది అద్దానికి అంటించుకుంటే 200 మైళ్ళు తిరగడానికి భయపడక్కర్లేదు.

ఇక మా మరదలు అమ్మెయ్ అంటోంది కదా, ఆ అమ్మాయి మాట కొట్టిపారేసేది కాదు. లెక్క వెయ్: అసలు జే పైప్ దొరికితే గాస్కెట్లు, రీఫ్లాష్, స్మాగ్ అన్నీ కలిపి కొన్ని వందల్లో బయటపడతావ్, అప్పుడు ఉంచుకో, మంచి బండి అది. దొరక్క, కొత్త కన్వర్టర్, ఎయిర్‌బాక్స్, మెకానిక్ కూలీ అన్నీ నువ్వే పెట్టుకోవాల్సి వస్తే రెండు మూడు వేలు తేలిగ్గా దాటుతుంది, అప్పుడు ఆలోచించు. కానీ ఇక్కడ మామూలు మనిషికి అమ్మాలన్నా స్మాగ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సింది అమ్మేవాడే, కాబట్టి బాగు చెయ్యకుండా వదిలించుకోవాలంటే డీలర్‌కే ఇవ్వాలి, వాడు ఆ ఖర్చంతా తీసేసుకునే రేటు చెప్తాడు. నేనైతే ముందు ఆ ఫ్రిస్కో ఫోన్ కొట్టి, వచ్చిన జవాబుని బట్టి మరదలితో మాట్లాడతా.

పైపు దొరికి ఇంట్లోనే విప్పుదామనుకుంటే శుక్రవారం రాత్రే టర్బో దగ్గరి బోల్టుల మీద తుప్పు వదిలించే స్ప్రే బాగా కొట్టి వదిలెయ్, శనివారం పొద్దున ఇంకోసారి కొట్టు, ఇంజిన్ పూర్తిగా చల్లారాకే పాన పెట్టు. పాత గాస్కెట్ మళ్ళీ వాడకు. వెనక ఆక్సిజన్ సెన్సర్ వైర్‌ని పైపు కింద నలగనివ్వకు, నేను నలగనిచ్చా, ఆ సెన్సర్ 100 డాలర్ల పైనే తీసుకుంది.